ఒక్క సెంటు తక్కువ రెండు వందలు

న్యూయార్క్ నగరం, క్వీన్స్‌లో ఒక ఇటాలియన్ రెస్టారెంట్. బిల్లు 199 డాలర్ల 99 సెంట్లు. ఇంకోరోజు అదే రెస్టారెంట్, అదే బిల్లు. మయామీ బీచ్‌లో ఒక ఖరీదైన హోటల్లో బస, అక్కడా 199.99. జార్జ్ శాంటోస్ 2022లో అమెరికా ప్రతినిధుల సభకు నెగ్గారు. ఆయన ప్రచార కమిటీ ఫెడరల్ ఎలక్షన్ కమిషన్‌కు సమర్పించిన లెక్కల్లో సరిగ్గా ఇదే అంకె ముప్పైసార్లకు పైగా కనిపిస్తుంది. తిండికైనా, తిరుగుడుకైనా, పడకకైనా ఒకటే రేటు. ప్రపంచంలో ఏ హోటలువాడూ ఇంత క్రమశిక్షణతో బిల్లు వేయడు.

ఆ అంకె ఎందుకో తెలుసుకోవాలంటే నిబంధన తెలియాలి. 200 డాలర్లు దాటిన ప్రతి ఖర్చుకూ రసీదో, ఇన్‌వాయిసో, చెల్లిన చెక్కో కమిటీ దగ్గర భద్రపరచాలి. దాటకపోతే ఆ కాగితం అక్కర్లేదు. శాంటోస్ మనుషులు గీత ఎక్కడుందో చూసుకుని, దానికి ఒక్క సెంటు ఇవతల నిలబడ్డారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, రసీదు అడగని చోటే పదేపదే తచ్చాడి పత్రికల కంట్లో పడ్డారు. వేర్వేరు అంకెలు వేసి ఉంటే ఎవరూ అంత తొందరగా పట్టించుకునేవారు కాదేమో.

ఈ కథతో మొదలుపెట్టడానికి కారణముంది. అమెరికా ఎన్నికల డబ్బు గురించి మాట వచ్చినప్పుడల్లా, వాషింగ్టన్ పత్రికల్లోనైనా ఎడిసన్, ప్లేనో, ఫ్రీమాంట్‌లలో తెలుగువాళ్ల ఇళ్ల డ్రాయింగు రూముల్లోనైనా, ఒక అభిప్రాయం తీర్పులా వినిపిస్తోంది. ఈ ఫారాలు, గడువులు, రిపోర్టులు అన్నీ ఒట్టి తంతు అని. సుప్రీంకోర్టు 2010లో తలుపులు బార్లా తెరిచేసింది, పరిమితి లేకుండా చందాలు తీసుకునే సూపర్ ప్యాకులనే కమిటీల్లో కోటీశ్వరులు గుమ్మరిస్తున్నారు, కాపలా కాయాల్సిన కమిషన్ కోరం లేక పడుకుంది, ఇక మూడువేల డాలర్ల చందా ఇచ్చే మనిషిని నీ ఉద్యోగమేమిటి, నీ కంపెనీ ఏమిటి అని అడగడంలో అర్థమేముంది? చిన్న చేపలకే ఈ వల, తిమింగలాలకు కాదు. వినడానికి తర్కంగానే ఉంటుంది. అన్నవాడు లోకం తెలిసినవాడిలా కనిపిస్తాడు కూడా. కానీ ఆ వాదంలో ఒక్కో ఇటుకా తీసి చూస్తే గోడ నిలబడదు.

మొదటి ఇటుక, 2010 నాటి సిటిజన్స్ యునైటెడ్ తీర్పు. ఆ తీర్పు పేరు తెలిసినంతమందికి అందులో ఏముందో తెలియదు. అభ్యర్థితో సంబంధం లేకుండా కార్పొరేషన్లు, యూనియన్లు చేసే స్వతంత్ర ఖర్చుపై నిషేధం చెల్లదని కోర్టు 5-4తో చెప్పింది. అందరికీ గుర్తున్నది ఇదే. అదే తీర్పులో మరో భాగముంది. ఖర్చు పెట్టినవాడు తన పేరు చెప్పాలి, లెక్క చూపాలి అన్న నిబంధన చెల్లుతుందా అన్న ప్రశ్నకు ఎనిమిది మంది న్యాయమూర్తులు చెల్లుతుందన్నారు. కాదన్నది ఒక్క క్లారెన్స్ థామస్. అదే ఏడాది మార్చిలో సూపర్ ప్యాకులకు దారి వేసిన స్పీచ్‌నౌ కేసులో కూడా వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు చందాల పరిమితి కొట్టేసింది గానీ, రిజిస్టరు కావడం, లెక్కలు సమర్పించడం తప్పవంది. వెనక్కి వెళితే 1976 నాటి బక్లీ తీర్పుదీ ఇదే వరస. ఖర్చు మీద పరిమితులు పోయాయి, చందా మీద పరిమితులు నిలిచాయి, లెక్క చెప్పాల్సిన బాధ్యత చెక్కుచెదరలేదు. అంటే యాభై ఏళ్లుగా కోర్టులు ఈ కట్టడంలో గదులు కూలుస్తూ వచ్చినా ఒక్క దూలాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఇల్లంతా పడిపోయిందని చాటేవాళ్లు ఆ దూలం కిందే నిలబడి చాటుతున్నారు.

ఇది మాటవరసకు అన్నది కాదు. 2024 అమెరికా ఎన్నికలకు దాదాపు 1,600 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయని ఓపెన్‌సీక్రెట్స్ సంస్థ అంచనా. రిపోర్టులన్నీ దండగ అని చెప్పే ప్రతి వ్యాసమూ ఈ అంకెతోనో, ఇలాంటి అంకెతోనో మొదలవుతుంది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ప్రధానంగా ఆ రిపోర్టులు కూడితేనే వచ్చింది. ఎలాన్ మస్క్ ఆ ఎన్నికల్లో 25 కోట్ల డాలర్లకు పైగా పెట్టారని లోకానికి ఎలా తెలిసింది? ఆయన చెప్పారా? సూపర్ ప్యాకులు ఫెడరల్ ఎలక్షన్ కమిషన్‌కు సమర్పించిన కాగితాలు చెప్పాయి. చాకలి పద్దు చదివి బట్టలెన్నో తెలుసుకుని, ఆ పద్దుతో పనేముంది అనడం లాంటిది ఇది.

లెక్క చెప్పడానికి డబ్బున్నవాడు నిజంగా భయపడడా? 1972 వసంతాన్ని తలచుకుంటే చాలు. అంతకుముందు చట్టాల్లో లెక్కలు చెప్పాలనే ఉంది గానీ అవి జల్లెడలు. 1971 నాటి ఎన్నికల ప్రచార చట్టం తెచ్చిన కొత్త నిబంధనలు 1972 ఏప్రిల్ 7న అమల్లోకి రావాల్సి ఉంది. ఆ రోజు తర్వాత వచ్చే ప్రతి పెద్ద చందాకూ ఇచ్చినవాడి పేరు బయటపెట్టాలి. అది తెలిసి అప్పటి అధ్యక్షుడు నిక్సన్ ప్రచార నిధి బాధ్యుడు మారిస్ స్టాన్స్ ఏం చేశారు? గడువు లోపల చేతికందినంత నగదు, చెక్కులు కూడబెట్టే పనిలో పడ్డారు. సంచుల్లో డబ్బు దేశం నలుమూలల నుంచీ వాషింగ్టన్ చేరింది. తంతు అనుకునే నిబంధన కోసం ఎవరైనా అంత పరుగు తీస్తారా?

ఆ హడావుడిలోని ఒక చెక్కే తర్వాత చరిత్ర అయింది. మిడ్‌వెస్ట్‌లో నిధులు పోగుచేసిన కెన్నెత్ డాల్‌బర్గ్ పేరుమీద ఉన్న 25,000 డాలర్ల క్యాషియర్ చెక్కు, వాటర్‌గేట్ భవనంలోని డెమోక్రటిక్ పార్టీ ఆఫీసులో దొరికిన దొంగల్లో ఒకడైన బెర్నార్డ్ బార్కర్ మయామీ ఖాతాలో తేలింది. 1972 ఆగస్టు 1న వాషింగ్టన్ పోస్ట్ ఆ సంగతి అచ్చువేసింది. కొత్త చట్టం కింద లెక్కలు చూసే అధికారం అప్పుడు జనరల్ అకౌంటింగ్ ఆఫీసుది. వాళ్లు ఆడిట్‌కు దిగి ఆ నెలాఖరుకే ఉల్లంఘనలు బయటపెట్టారు. దొంగతనం కేసు రాజకీయ కేసుగా మారిన మలుపుల్లో అదొకటి. ఏప్రిల్ 7కు ముందు ఇచ్చినవాళ్ల జాబితా ఒకటి నిక్సన్ కార్యదర్శి రోజ్ మేరీ వుడ్స్ దగ్గర భద్రంగా ఉండేది. కామన్ కాజ్ సంస్థ కోర్టుకెళ్లి దాన్ని బయటికి లాగింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 55,000 డాలర్ల కార్పొరేట్ డబ్బు ఇచ్చామని 1973లో ఒప్పుకుంది. కార్పొరేషన్లు ఫెడరల్ అభ్యర్థులకు చందా ఇవ్వకూడదన్న నిషేధం 1907 నుంచే ఉంది. అరవై ఆరేళ్లు పుస్తకంలో దాదాపు నిద్రపోయిన ఆ నిషేధానికి చలనం వచ్చింది పేర్లు బయటపడ్డాకే. స్టాన్స్ 1975లో ప్రచార నిధుల చట్టం కింద అయిదు చిన్న నేరాలు ఒప్పుకుని 5,000 డాలర్ల జరిమానా కట్టారు. జరిమానా చిన్నదే. పోయిన పదవి మాత్రం అధ్యక్షుడిది.

రెండో ఇటుక, కమిషన్ చేతకానిది అన్న మాట. ఇందులో నిజముంది, దాచనక్కర్లేదు. ఆరుగురు కమిషనర్లు, ఒక పార్టీ వాళ్లు ముగ్గురికి మించకూడదు, ఏ నిర్ణయానికైనా నాలుగు ఓట్లు కావాలి. మూడు-మూడుగా చీలి కూర్చోవడానికే కట్టినట్టున్న ఇల్లు. 2008లో నెలల తరబడి, 2019 సెప్టెంబరు నుంచి 2020లో చాలా భాగం కోరం లేదు. 2025 మేలో మళ్లీ కోరం పోయింది. కోరం లేకపోతే జరిమానాలు ఖరారు చేయలేరు, దర్యాప్తులు మొదలుపెట్టలేరు, సలహాలు చెప్పలేరు.

కానీ కమిషనర్ల కుర్చీలు ఖాళీగా ఉన్న రోజుల్లో కూడా రిపోర్టుల గడువు తేదీలు ఖాళీగా లేవు. ఏప్రిల్ 15, జులై 15, అక్టోబరు 15, జనవరి 31. సిబ్బంది వాటిని తీసుకుంటూనే ఉన్నారు, వెబ్‌సైటులో పెడుతూనే ఉన్నారు. విమర్శకులు చేసే పొరపాటు ఇక్కడే. ఈ వ్యవస్థకు చదువరి కమిషన్ ఒక్కటే అనుకుంటారు. అసలు చదువరులు వేరు. ప్రత్యర్థి ఆఫీసులో కుర్ర ఉద్యోగి, ఊరి పత్రిక విలేకరి, ప్రాసిక్యూటరు, ఏ పనీ లేక అర్ధరాత్రి అంకెలు తిరగేసే పింఛనుదారు. వీళ్లలో ఏ ఒక్కరి పనికీ నాలుగు ఓట్లు అక్కర్లేదు.

డంకన్ హంటర్ ఉదంతం చూడండి. కాలిఫోర్నియా శాన్ డీగో ప్రాంతపు రిపబ్లికన్ సభ్యుడు. ఆయన ప్రచార లెక్కల్లో వీడియో గేములకు వెయ్యి డాలర్లకు పైగా చెల్లింపులున్నాయని 2016లో శాన్ డీగో యూనియన్-ట్రిబ్యూన్ పత్రిక రాసింది. అక్కణ్నుంచి తీగ లాగితే డొంక కదిలింది. ఇంట్లో పెంచుకునే కుందేలును విమానంలో తీసుకెళ్లడానికి 600 డాలర్లు ప్రచార నిధి నుంచే పోయాయి. 2018 ఆగస్టులో అభియోగ పత్రం వచ్చేసరికి లెక్క రెండున్నర లక్షల డాలర్లు తేలింది. అందులో ఒక సంభాషణ ఉంది. ఆయన నిక్కర్లు కొనుక్కోవాలనుకుంటే, గోల్ఫ్ దుకాణంలో కొను, గాయపడిన సైనికుల కోసం కొన్న గోల్ఫ్ బంతులని రాసుకోవచ్చు అని భార్య సలహా చెప్పిందని ప్రాసిక్యూటర్లు ఆరోపించారు. ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సిన చోటిది. ఏదో ఒకటి రాయాలి కాబట్టే ఆ కట్టుకథ అవసరమైంది. రాయనక్కర్లేని చోట నిక్కరు నిక్కరుగానే మిగిలిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. హంటర్ 2019 డిసెంబరులో నేరం ఒప్పుకున్నారు.

ఇదేదో ఒక పార్టీ జబ్బు కాదు. షికాగో డెమోక్రాట్ జెస్సీ జాక్సన్ జూనియర్ దాదాపు ఏడున్నర లక్షల డాలర్ల ప్రచార నిధిని సొంతానికి వాడుకున్నట్టు 2013లో ఒప్పుకుని రెండున్నరేళ్ల శిక్ష తెచ్చుకున్నారు. అందులో 43,350 డాలర్ల రోలెక్స్ గడియారం ఒకటి. ఒబామా 2008 ప్రచార కమిటీకి 3,75,000 డాలర్ల జరిమానా పడింది. ఎన్నిక దగ్గరపడ్డాక వచ్చే వెయ్యి డాలర్లు, అంతకుమించిన చందాలను 48 గంటల్లోగా తెలియజేయాలి. అలాంటివి దాదాపు 1,300 చందాలకు నోటీసులు సమయానికి వెళ్లలేదు. 2016 హిల్లరీ క్లింటన్ ప్రచార కమిటీ, డెమోక్రటిక్ నేషనల్ కమిటీ ట్రంప్ గురించి కూపీ లాగడానికి చెల్లించిన డబ్బును న్యాయ సేవలు అని రాశాయి. 2022లో కమిటీకి 8,000, పార్టీకి 1,05,000 డాలర్లు జరిమానా. ఇంత పెద్ద పార్టీకి ఆ డబ్బు చిల్లరే, నిజమే. అయినా ఖర్చు ఎందుకో ఆ గడిలో సరిగ్గా రాయకపోవడం రిపబ్లికన్ల చేతికి ఏళ్ల తరబడి వాడుకునే ఆయుధాన్ని ఇచ్చింది.

ఇక శాంటోస్. 199.99లు అసలు నేరం కావు, పొగ మాత్రమే. మంట వేరేచోట ఉంది. జాతీయ పార్టీ సాయం దక్కాలంటే ఒక త్రైమాసికంలో రెండున్నర లక్షల డాలర్లు పోగుచేసినట్టు చూపాలి. ఆ సాయం కోసమే శాంటోస్ తన ప్రచారానికి తానే అయిదు లక్షలు అప్పిచ్చినట్టు రిపోర్టులో రాశారు. అప్పుడు ఆయన ఖాతాలన్నీ కలిపినా ఎనిమిది వేల డాలర్లు లేవని ప్రాసిక్యూటర్లు లెక్కతేల్చారు. బంధువుల పేర్లు వాళ్లకు తెలియకుండానే దాతల జాబితాలోకి ఎక్కాయి. కాకి లెక్కలు అంటే ఇవీ. ట్రెజరర్ నాన్సీ మార్క్స్ 2023 అక్టోబరులో తప్పు ఒప్పుకున్నారు. డిసెంబరు 1న సభ 311-114 ఓట్లతో శాంటోస్‌ను బహిష్కరించింది. 2024 ఆగస్టులో ఆయన నేరం ఒప్పుకున్నారు, 2025 ఏప్రిల్‌లో 87 నెలల శిక్ష పడింది. ఇందులో ఎలక్షన్ కమిషన్ ఓటు వేసి సాధించింది పెద్దగా ఏమీ లేదు. కానీ సంతకం పెట్టి లెక్క చెప్పమని అడిగిన ఆ కాగితం లేకపోతే, అబద్ధానికి ఆధారమే ఉండేది కాదు.

మూడో ఇటుకే బరువైనది. నల్లధనం కాదు, అమెరికా వాళ్లు చీకటి డబ్బు అంటారు. సాంఘిక సంక్షేమం పేరిట రిజిస్టరైన లాభాపేక్ష లేని సంస్థలు దాతల పేర్లు చెప్పకుండా సూపర్ ప్యాకులకు కోట్లు పంపుతాయి. రిపోర్టులో ఇచ్చినవాడి గడిలో ఆ సంస్థ పేరుంటుంది, మనిషి పేరుండదు. ఇంకో మాయ గడువులతో ఆడే ఆట. 2024 అక్టోబరులో ఆర్‌బీజీ ప్యాక్ అని ఒకటి పుట్టింది. దివంగత న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ పేరు తగిలించుకుని, గర్భస్రావం హక్కుల విషయంలో ట్రంప్‌ను వెనకేసుకొస్తూ ప్రకటనలు గుప్పించింది. డబ్బెవరిదో చెప్పాల్సిన గడువు పోలింగ్ అయిన నెలకు గానీ రాలేదు. డిసెంబరులో రిపోర్టు వచ్చింది. 2 కోట్ల 5 లక్షల డాలర్లు, ఇచ్చింది మస్క్. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు.

దీన్నిబట్టి ఏం తేలుతుంది? రిపోర్టు దండగ అని తేలదు, ఆ రిపోర్టు అక్టోబరులోనే రావాల్సిందని తేలుతుంది. లాభాపేక్ష లేని సంస్థల దాతల పేర్లూ అదే ఫారంలో ఉండాలని తేలుతుంది. కన్నం ఉందని చూపించి తలుపే వద్దనడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకునే రకం. పైగా, కన్నం ఎంత వెడల్పో కొలిచి చెప్పగలుగుతున్నది కూడా మిగిలిన గోడ నిలబడి ఉండటం వల్లే.

చిన్నవాళ్లకే బాధ అన్న మాట మిగిలింది. నిబంధనలు చిక్కుగా ఉంటాయన్నది అబద్ధం కాదు. కానీ మొదటిసారి పోటీ చేసే మనిషికి అసలు కావలసింది అరటిపండు ఒలిచినట్టు చెప్పొచ్చు. పోగైనది గానీ, ఖర్చైనది గానీ 5,000 డాలర్లు దాటితే అభ్యర్థి అయినట్టే. పదిహేను రోజుల్లో ఒక ఫారం, మరో పది రోజుల్లో కమిటీ రిజిస్ట్రేషన్. ట్రెజరర్ లేకుండా ఒక్క డాలరు తీసుకోకూడదు, పెట్టకూడదు. వచ్చిన చందా పది రోజుల్లో బ్యాంకులో పడాలి. నగదైతే మనిషికి వంద డాలర్లే. ఒకే దాత నుంచి వచ్చింది 200 దాటితే పేరు, చిరునామా, వృత్తి, పనిచేసే చోటు రాయాలి. దాత చెప్పకపోతే ముప్పై రోజుల్లో మరోసారి అడిగినట్టు రుజువుంటే చాలు, చట్టం అంతకుమించి పీడించదు. లెక్కలు పంపే సాఫ్ట్‌వేర్ ఉచితం. సందేహానికి ఫోనెత్తే సిబ్బంది ఉంటారు. కిరాణా దుకాణం నడిపినవాడికి ఇంతకన్నా ఎక్కువ పద్దులుంటాయి.

ఇక్కడో తమాషా నిబంధన కూడా ఉంది. రిపోర్టుల్లోని దాతల పేర్లను ఎవరూ చందాల వేటకో, వ్యాపారానికో వాడుకోకూడదు. అలా వాడుకునేవాణ్ని పట్టుకోవడానికి కమిటీలు ఒక్కో రిపోర్టులో పది దాకా ఉత్తుత్తి పేర్లు కలపొచ్చు, అవేవో కమిషన్‌కు విడిగా చెబితే చాలు. ఆ ఉత్తుత్తి మనిషి చిరునామాకు చందా కోరుతూ ఉత్తరం వచ్చిందంటే జాబితా ఎవరో ఎత్తుకెళ్లారన్నమాట. ఈ మొత్తం చట్టంలో అనుమతించిన అబద్ధం బహుశా ఇదొక్కటే.

నియమాలు చిన్నవాళ్లను తొక్కేస్తాయనేవాళ్లు లూబా గ్రెచెన్ షిర్లీ సంగతి చెప్పరు. 2018లో లాంగ్ ఐలాండ్ నుంచి ప్రతినిధుల సభకు పోటీ చేసిన ఆమెకు ఇద్దరు పసిపిల్లలు. ప్రచారం వల్లే పిల్లల్ని చూసుకునే మనిషిని పెట్టుకోవాల్సి వచ్చింది, ఆ జీతం ప్రచార నిధి నుంచి ఇవ్వొచ్చా? గుట్టుగా ఇచ్చేసి ఏదో పద్దు కింద రాసేయొచ్చు. ఆమె అలా చేయకుండా కమిషన్‌నే రాతపూర్వకంగా అడిగారు. ఆ ఏడాది మేలో కమిషన్ ఏకగ్రీవంగా ఇవ్వొచ్చు అంది. ఆమె నవంబరులో ఓడిపోయారు. కానీ ఆ సలహాను చూపించి తర్వాత ఎందరో తల్లిదండ్రులు అదే ఖర్చు బాహాటంగా రాసుకున్నారు. కుందేలు టికెట్టుకీ ఆయా జీతానికీ తేడా ఏమిటంటే, రెండోది ముందు అడిగి పెట్టిన ఖర్చు.

తెలుగువాళ్లకు ఈ గొడవ దూరపుది కాదు. అమెరికాలో తెలుగు కుటుంబాల ఇళ్లలో అభ్యర్థుల కోసం ఫండ్‌రైజర్లు ఇప్పుడు మామూలైపోయాయి. తంతే కదా అన్న మాట అక్కడ వినిపించినప్పుడే ప్రమాదం. హెచ్-1బీ మీద ఉన్నవాడు పదేళ్లుగా పన్ను కడుతున్నా సరే, ఫెడరల్, రాష్ట్ర, స్థానిక ఎన్నికలు దేనికీ ఒక్క డాలరు ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డు ఉంటే ఇవ్వొచ్చు. ఇది అన్యాయమని తాత్కాలిక వీసాల మీద ఉన్న ఒక కెనడా న్యాయవాది, ఒక వైద్యురాలు కోర్టుకెక్కారు. 2011లో, తర్వాత సుప్రీంకోర్టుకు చేరినా అప్పటికింకా అప్పీళ్ల కోర్టులో ఉన్న న్యాయమూర్తి బ్రెట్ కవనా రాసిన తీర్పు వాళ్ల వాదన కొట్టేసింది, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. జీతం తీసుకోకుండా వాలంటీరుగా తిరగడానికి మాత్రం అడ్డు లేదు.

ఇంట్లో విందు పెట్టే హోస్టుకు చట్టం ఉదారంగానే ఉంది. ఒక ఎన్నికలో ఒక అభ్యర్థి కోసం భోజనాలకీ ఆహ్వానాలకీ వెయ్యి డాలర్ల దాకా పెడితే అది చందా కిందికే రాదు. బిర్యానీ ట్రేలకు కొంత వెసులుబాటన్నమాట. భార్యాభర్తల్లో ఒకరికే సంపాదన ఉన్నా ఇద్దరికీ వేర్వేరు పరిమితి, 2025-26లో ఒక్కో ఎన్నికకు 3,500 డాలర్లు. ప్రైమరీ వేరు, జనరల్ వేరు. కానీ సొంత కన్సల్టెన్సీ కార్పొరేషన్ ఖాతా నుంచి చెక్కు రాస్తే నేరం. ఇంకా పెద్ద నేరం, మీరు ఇవ్వండి, నేను సర్దుతాను అనడం. దీనికి తెలుగులో మాట వెతుక్కోనక్కర్లేదు. బినామీ.

ఇలాంటి కేసుల్లో భారతీయ పేర్లు లేకపోలేదు. పద్మభూషణ్ అందుకున్న హోటళ్ల యజమాని సంత్ సింగ్ ఛత్వాల్, ముగ్గురు ఫెడరల్ అభ్యర్థులకు బినామీ పేర్లతో 1,80,000 డాలర్లకు పైగా చేరవేసినట్టు 2014లో ఒప్పుకున్నారు. సాక్షిని ప్రభావితం చేసినట్టు కూడా. అయిదు లక్షల డాలర్ల జరిమానా, మూడేళ్ల ప్రొబేషన్. అదే ఏడాది, ముంబైలో పుట్టిన రచయిత దినేష్ డిసౌజా ఒక సెనేట్ అభ్యర్థికి ఇతరుల పేర్ల మీద 20,000 డాలర్లు ఇచ్చినట్టు ఒప్పుకున్నారు. ప్రభుత్వాన్ని విమర్శించినందుకే తనను ఏరి పట్టుకున్నారని ఆయన వాదం. జడ్జి ఒప్పుకోలేదు. ఎనిమిది నెలలు రాత్రిళ్లు నిర్బంధ కేంద్రంలో పడుకోవాల్సి వచ్చింది. ఒకరు డెమోక్రాట్ల స్నేహితుడు, మరొకరు వాళ్ల శత్రువు. పడింది ఒకే గోతిలో.

రిపోర్టులన్నీ తంతు అన్న నిరాశ తెలుగువాళ్లకు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు అని చెబితే గుంటూరులోనైనా నల్లగొండలోనైనా నవ్వుతారు. అక్కడి అనుభవంతో ఇక్కడి ఫారాన్నీ అదే గాటన కట్టేస్తారు. కానీ లెక్క బయటపెట్టకపోవడం అంటే ఏమిటో కూడా అక్కడే కళ్లారా చూశారు. 2018 నుంచి నడిచిన ఎన్నికల బాండ్లను భారత సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసి, స్టేట్ బ్యాంకు చేత పేర్లు చెప్పించింది. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ 966 కోట్ల రూపాయల బాండ్లు కొని దేశంలో రెండో స్థానంలో ఉందని, 2019 ఏప్రిల్ నుంచి బీఆర్ఎస్‌కు బాండ్ల రూపంలో 1,200 కోట్లకు పైగా వచ్చాయని అప్పుడు తెలిసింది. 2023 నవంబరులో తెలంగాణలో ఓటేసినవాళ్లకు ఆ జాబితా అందలేదు. ఏ కంపెనీ, ఏ పార్టీకి, ఏ నెలలో, ఎంత అన్నది ఓటుకు ముందే మూడు నెలలకోసారి వెబ్‌సైటులో కనిపించి ఉంటే ఎలా ఉండేదో అనుకున్నవాళ్లకు, అమెరికా ఫారం మీద చిన్నచూపు ఉండాల్సిన పని లేదు.

చివరిగా ఒక అభ్యంతరం. పట్టుబడినవాళ్లు కూడా బయటపడిపోతున్నారు కదా? అవును. డిసౌజాకు 2018లో, హంటర్‌కు 2020 డిసెంబరులో జైలు గడప తొక్కకముందే ట్రంప్ క్షమాభిక్ష పెట్టారు. శాంటోస్ శిక్షను 2025 అక్టోబరులో తగ్గించి ఇంటికి పంపారు. ఆ అధికారం అధ్యక్షుడికి ఉంది. సమర్పించిన రిపోర్టును వెనక్కి తీసే అధికారం మాత్రం ఎవరికీ లేదు. ఎలక్షన్ కమిషన్ వెబ్‌సైటుకు వెళ్లి డెవోల్డర్-శాంటోస్ ఫర్ కాంగ్రెస్ అని కొడితే, క్వీన్స్ రెస్టారెంట్ బిల్లులు ఇప్పటికీ వస్తాయి. తేదీలు మారుతుంటాయి, అంకె మారదు.